కెనడాలో చదువుకి వెళ్తున్నారా, అక్కడి ఆదివాసీల సంగతి కాస్త తెలుసుకుని విమానం ఎక్కండి

బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల కన్సల్టెన్సీల్లో ఐఈఎల్టీఎస్ బ్యాండ్లు, ఎస్ఓపీ, బ్యాంక్ బ్యాలెన్స్ అన్నీ చెప్తారు కానీ, ఓరియంటేషన్ రోజు ఎవరో స్టేజ్ ఎక్కి ఈ క్యాంపస్ ఫలానా ఆదివాసీల నేల మీద ఉంది అని చదువుతారే, అదేంటో మాత్రం చెప్పరు. మనోళ్లు సగంమంది అప్పుడు ఫోన్ చూసుకుంటుంటారు.

ముందు మీ కాలేజీ ఎవరి నేలో చూడండి, దాని వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. విన్నిపెగ్ అయితే ఆదివాసీలతో ప్రభుత్వం చేసుకున్న 1871 నాటి ఒప్పందం ట్రీటీ 1, రెజైనా అయితే 1874 నాటి ట్రీటీ 4. వాంకూవర్‌లో యూబీసీ (యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియా) ఉన్నది మస్క్వియం అనే ఆదివాసీల నేల, అక్కడ అసలు ఒప్పందమే జరగలేదు.

తర్వాత రెసిడెన్షియల్ స్కూల్స్ గురించి చదవండి, ఇది తెలీకపోతే మిగతాదేదీ బుర్రకెక్కదు. పేరు చూసి మన గురుకులాల్లాంటివి అనుకునేరు, కాదు. సుమారు లక్షన్నర మంది ఆదివాసీ పిల్లల్ని అమ్మానాన్నల నుంచి విడదీసి, సొంత భాష మాట్లాడితే శిక్షించి, 1990ల దాకా నడిపారు. దాని మీద వేసిన ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ (అంటే నిజం ఒప్పుకుని సయోధ్య చేసుకోవడం) కమిషన్‌కి ఆదివాసీ జడ్జి ముర్రే సింక్లెయిర్ గారు అధ్యక్షుడు, 2015లో 94 పనులు చెయ్యమని చెప్పారు, లా కాలేజీల్లో ఈ చరిత్ర తప్పనిసరిగా నేర్పాలన్నది కూడా అందులోదే. విన్నిపెగ్ యూనివర్సిటీ, లేక్‌హెడ్ యూనివర్సిటీ అయితే 2016 నుంచి డిగ్రీ స్టూడెంట్స్ అందరికీ ఆదివాసీల గురించి ఒక కోర్సు పెట్టేశాయి. వీసా వచ్చేలోపు ఖాళీగా ఉంటే అల్బర్టా యూనివర్సిటీ వాళ్ల ఇండీజినస్ కెనడా కోర్సు కోర్సెరాలో చూడండి, 12 పాఠాలు, సర్టిఫికెట్ అక్కర్లేకపోతే ఫ్రీ.

అసలు చూడాల్సింది పెత్తనం ఎవరిది అని. గోడ మీద బొమ్మేయించి, పేరుకో గది ఇచ్చేసి రికన్సిలియేషన్ అయిపోయిందనే కాలేజీలు ఉంటాయి. సిలబస్, బడ్జెట్, ప్రొఫెసర్ల సెలక్షన్‌లో ఆదివాసీల మాట చెల్లుతోందా, పెద్ద పోస్టుల్లో వాళ్లు ఉన్నారా, అది అడగండి. రెజైనాలో ఫస్ట్ నేషన్స్ (కెనడా ఆదివాసీల్లో పెద్ద వర్గం) యూనివర్సిటీ ఉంది, మన నాగార్జున యూనివర్సిటీ పుట్టిన 1976లోనే మొదలైంది, దాన్ని నడిపేది ఆదివాసీలే, వాళ్ల పెద్దవాళ్లు క్యాంపస్‌లో ఉండి పిల్లలకి చెప్తారు.

మర్యాదల సంగతికొస్తే, ఆ పెద్దల్ని ఏదైనా అడగాలంటే చాలాచోట్ల ముందు పొగాకు ఇవ్వడం ఆనవాయితీ, కానీ అన్నిచోట్లా ఒకటే కాదు కాబట్టి ఇండీజినస్ స్టూడెంట్ సెంటర్‌లో కనుక్కుని వెళ్లండి. ఆకులు కాల్చి ఆ పొగ ఒంటికి అద్దుకుంటారు, మనింట్లో సాంబ్రాణి వేసినట్టే ఉంటుంది, అడక్కుండా వీడియో తీయొద్దు. ఆ రెసిడెన్షియల్ స్కూల్స్ పిల్లల్ని తలుచుకునే సెప్టెంబర్ 30న ఆరెంజ్ షర్ట్ వేసుకుంటే ఎందుకో తెలిసి వేసుకోండి, ఆరేళ్ల ఫిలిస్ వెబ్‌స్టాడ్‌కి అమ్మమ్మ కొనిచ్చిన ఆరెంజ్ చొక్కాని 1973లో అలాంటి స్కూల్లో అడుగుపెట్టిన రోజే లాగేసుకున్నారు. క్లాస్‌లో ఆదివాసీ ఫ్రెండ్ ఉంటే పాపం వాళ్లనే కూర్చోబెట్టి మీ చరిత్ర చెప్పు అనొద్దు, లైబ్రరీ ఉంది కదా.

ఇంకోటి, వాళ్లు తిరిగి మీ ఊళ్లో ఆదివాసీలు ఎలా ఉన్నారు అని అడుగుతారు. గుంటూరు కాలవ గట్ల మీద యానాదుల గురించి, నల్లమల చెంచుల గురించి ఏం చెప్తారో ఇప్పుడే చూసుకోండి.