హైడ్రోజన్‌లో సొంత డ్రమ్ కిట్ – 4వ పాఠం: మెల్లగా కొడితే మాయమయ్యే దెబ్బ

కంప్యూటర్‌లో డ్రమ్ములు మోగించే హైడ్రోజన్ సాఫ్ట్‌వేర్‌లో ఈసారి మ్యూట్ గ్రూపుల (ఒక వాయిద్యం పడగానే ఇంకోదాన్ని ఆపే ఏర్పాటు) గురించి చెబుతానన్నాను. అది చివర్లో కాస్త చెబుతాను. పోయిన పాఠం చదివి డప్పు శాంపిళ్లు (విడివిడి దెబ్బల రికార్డింగులు) ఎక్కించినవాళ్లలో చాలామంది ఒకే గోతిలో పడ్డారు, ముందు వాళ్లను పైకి లాగాలి. "గట్టిగా కొడితే అదిరిపోతోంది, మెల్లగా కొడితే అసలు వినపడటం లేదు" అన్నది ఎక్కువమంది గోల. "మూడు లేయర్లు పెట్టినా ఒకటే మోగుతోంది" అన్నది ఇంకొందరిది (ఒకే వాయిద్యం కింద దెబ్బ బలానికొకటిగా పెట్టే శాంపిళ్లే లేయర్లు). ఒకాయన అయితే దీని కోసం కొత్త హెడ్‌ఫోన్స్ కూడా కొన్నారు. హెడ్‌ఫోన్స్‌కీ దీనికీ సంబంధం లేదండీ, పాటలు వినడానికి వాడుకోండి.

సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడం, ఖాళీ కిట్ తెరిచి వాయిద్యానికి పేరు పెట్టడం, శాంపిల్ లోడ్ చేయడం మళ్లీ చెప్పను. అవి మొదటి రెండు పాఠాల్లో ఉన్నాయి. హైడ్రోజన్ అంటే ఏదో కంపెనీ సరుకు కాదు. అలెస్సాండ్రో కొమిను అనే ఇటలీ ప్రోగ్రామర్ మొదలుపెట్టగా తర్వాత వేరేవాళ్లు అందుకుని నడుపుతున్న ఉచిత సాఫ్ట్‌వేర్. లినక్స్, విండోస్, మ్యాక్ మూడింట్లోనూ నడుస్తుంది. 1.0 కంటే పాత వెర్షన్ వాడుతుంటే కొత్తది దించుకోండి. ఈ పాఠంలో చెప్పే మీటలు కొన్ని పాతదాంట్లో ఉండవు.

మూడు పెడితే ఒకటే మోగడం

ఇది చిన్న సంగతి, ముందు దీన్ని తీసేద్దాం. లేయర్ ఎక్కించగానే దాని వెలాసిటీ (అంటే దెబ్బ బలం) హద్దు 0 నుంచి 1 దాకా మొత్తం పరుచుకుని ఉంటుంది. రెండోది, మూడోది ఎక్కించినా అవీ అంతే. అంటే మూడూ ప్రతి దెబ్బకూ సిద్ధంగా ఉంటాయి. మామూలు సెట్టింగ్‌లో హైడ్రోజన్ ఆ దెబ్బకు సరిపోయే లేయర్లలో మొదటిదాన్ని తీసుకుంటుంది. మిగతా రెండూ ఊరికే కూర్చుంటాయి. లేయర్ల బొమ్మలో అడ్డంగా కనిపించే పట్టీల చివరలు మౌస్‌తో పట్టుకుని జరపండి. మెల్లటి దెబ్బకు 0 నుంచి 0.35, మధ్య దెబ్బకు 0.35 నుంచి 0.7, గట్టి దెబ్బకు 0.7 నుంచి 1. మధ్యలో ఖాళీ వదలొద్దు. అంతే.

రెండుసార్లు తగ్గింపు

ఇప్పుడు అసలు గొడవ. చాలా ట్యుటోరియల్స్‌లో ఈ సంగతి చెప్పకుండా దాటేస్తారు. అది నాకు చిరాకు. అందుకే సాగదీసి చెబుతాను, భరించండి.

మీరు డప్పును మెల్లగా కొట్టి రికార్డ్ చేశారు. ఆ శాంపిల్‌లో శబ్దం ఎలాగూ తక్కువే. దాన్ని అలాగే తెచ్చి మెల్లటి లేయర్‌లో పెట్టారు. ఇప్పుడు కంప్యూటర్‌కి తగిలించిన ఎలక్ట్రానిక్ ప్యాడ్ మీద మెల్లగా కొట్టారు. హైడ్రోజన్ రెండు పనులు చేస్తుంది. ఒకటి, మెల్లటి లేయర్‌ను ఎంచుకుంటుంది. రెండు, ఆ లేయర్ వాల్యూమ్‌ను మళ్లీ మీ దెబ్బ బలంతో గుణిస్తుంది. డప్పు కొట్టేటప్పుడు ఒకసారి తగ్గించారు, సాఫ్ట్‌వేర్ ఇంకోసారి తగ్గించింది.

అంకెల్లో చూద్దాం. మీ మెల్లటి శాంపిల్ శిఖరం (అందులో అతి పెద్ద శబ్దం, 0 అంటే నిండు గరిష్ఠం) -18 డెసిబెల్స్, మధ్యది -9, గట్టిది -1 అనుకోండి. ప్యాడ్ మీద 0.3 బలంతో కొట్టారు (ప్యాడ్ కంప్యూటర్‌కి దెబ్బను పంపే మిడి లెక్కలో ఇది 127కి 38). 0.3తో గుణించడమంటే దాదాపు 10.5 డెసిబెల్స్ కోత. -18కి అది కలిస్తే -28.5. అదే 0.8 బలంతో కొడితే కోత 2 డెసిబెల్స్ లోపే, అంటే సుమారు -3. డప్పు దగ్గర మీరు కొట్టిన రెండు దెబ్బల మధ్య తేడా 17 డెసిబెల్స్. కిట్‌లో అది 25 దాటింది. వెనకాల కీబోర్డ్, బేస్ మోగుతుంటే -28 దగ్గరున్న డప్పు దెబ్బ ఎవరికి వినపడుతుంది?

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది: ఇన్‌స్ట్రుమెంట్ ఎడిటర్‌లో 'అప్లై వెలాసిటీ' అనే టిక్కు తీసేయడం. అప్పుడు హైడ్రోజన్ లేయర్‌ను ఎంచుకుంటుంది కానీ వాల్యూమ్‌ను ముట్టుకోదు. వినడానికి బాగుంది, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ ఒకసారి 0.36, 0.5, 0.69 బలాలతో కొట్టి చూడండి. మూడూ ఒకే వాల్యూమ్, ఎందుకంటే మూడూ అదే మధ్య లేయర్. 0.69 నుంచి 0.7కి రాగానే మాత్రం ఒక్కసారిగా 8 డెసిబెల్స్ పైకి దూకుతుంది. పాటలో దెబ్బ బలం మెల్లగా పెంచుకుంటూ పోదామంటే మెట్లు మెట్లుగా వస్తుంది. ఒక్కో వాయిద్యానికి పదీ పన్నెండు లేయర్లు ఉంటే ఈ దారి బాగా పనిచేస్తుంది. మూడు లేయర్లకి వద్దు.

రెండోది నేను వాడేది: టిక్కు ఉండనివ్వండి, మూడు శాంపిళ్లనూ ఆడాసిటీలో (రికార్డింగులు సవరించే సాఫ్ట్‌వేర్) -1 డెసిబెల్‌కి విడివిడిగా నార్మలైజ్ చేయండి, అంటే ఒక్కోదాని శిఖరాన్ని అక్కడికి తీసుకురండి. కలిపి ఎంచుకుని నార్మలైజ్ చేస్తే కుదరకపోవచ్చు, ఒక్కోదాన్ని ఎంచుకుని చేయండి. ఇప్పుడు మూడు ఫైళ్లూ ఒకే ఎత్తులో ఉంటాయి. వాల్యూమ్ తగ్గించే పని ఒక్క హైడ్రోజన్‌దే. లేయర్ మారే చోట మారేది నాదం మాత్రమే, వాల్యూమ్ జారుడుగా సాగుతుంది.

"మెల్లటి దెబ్బను పెంచితే మెల్లటి దెబ్బ ఎలా అవుతుంది?" అని అడిగారు. తప్పకుండా అవుతుంది. మెల్లగా కొట్టినప్పుడు తోలు మీద పుల్ల చప్పుడు తక్కువ, కింది గుమ్ ఎక్కువ. గట్టిగా కొడితే పుల్ల చురుకు పైకొస్తుంది. మనం రికార్డ్ చేసింది ఆ తేడా కోసమే, వాల్యూమ్ కోసం కాదు. వాల్యూమ్‌కి నాబ్ ఉంది.

ఇందులోనూ రెండు చిక్కులున్నాయి. మెల్లటి శాంపిల్‌ను 17 డెసిబెల్స్ పెంచినప్పుడు దానితోపాటు గదిలోని ఫ్యాన్ హోరు, వీధిలో కూరగాయల బండి మైకు కూడా అంతే పెరుగుతాయి. అందుకే మెల్లటి దెబ్బలను ఫ్యాన్ ఆపి, ఊరు సద్దుమణిగాక రికార్డ్ చేయండి. గట్టివి పగలు చేసుకున్నా నష్టం లేదు, ఇరుగుపొరుగు ఊరుకుంటే. రెండో చిక్కు: శిఖరాలు సమానమైనంత మాత్రాన చెవికి సమానంగా ఉండవు. గట్టి దెబ్బ శిఖరం సూదిలా లేచి పడిపోతుంది. మెల్లటిది గుండ్రంగా నిండుగా ఉంటుంది కాబట్టి అదే శిఖరానికి ఇంకా పెద్దగా వినిపిస్తుంది. అప్పుడు మెల్లటి లేయర్ గెయిన్ (ఆ లేయర్ వాల్యూమ్) 1 నుంచి 0.7కి దించండి, అది 3 డెసిబెల్స్ తగ్గింపు. చాలకపోతే 0.6. ఇక్కడ లెక్క పనికిరాదు, వినే తేల్చుకోవాలి.

సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి: ప్యాటర్న్‌లో 16 గళ్లూ నింపండి. కింద వెలాసిటీ గీతలను ఎడమ నుంచి కుడికి 0.1 దగ్గర మొదలుపెట్టి 1 దాకా మెట్లుగా పెంచండి. టెంపో 80లో లూప్ చేసి కళ్లు మూసుకుని వినండి. లేయర్ మారిన చోటు వేలెత్తి చూపించగలిగితే ఇంకా పని మిగిలి ఉన్నట్టే. మౌస్‌తో పెట్టిన నోట్లన్నీ మామూలుగా 0.8 బలంతో పడతాయి. "నేను మౌస్‌తోనే పెట్టాను, లేయర్ మారలేదు" అంటే మారదు మరి, అన్నీ గట్టి లేయరే.

డప్పు చల్లారడం

కొందరికి వాల్యూమ్ సరిపోయింది కానీ మెల్లటి లేయర్ వేరే డప్పులా వినపడింది. కారణం కంప్యూటర్‌లో లేదు. డప్పును మంట దగ్గర కాచి తోలు బిగిశాక వాయిస్తారు. రికార్డింగ్ మొదట గట్టి దెబ్బలన్నీ కొట్టేసి, మాట్లాడుకుంటూ టీ తాగి, తర్వాత మెల్లటివి కొట్టి ఉంటారు. ఈలోగా తోలు చల్లారి సడలింది, శ్రుతి దిగింది. గట్టి లేయర్ పైశ్రుతిలో, మెల్లటిది కిందిశ్రుతిలో.

చిన్న తేడా అయితే లేయర్ పిచ్ పక్కనే ఉన్న సన్నని సర్దుబాటుతో సరిచేయండి. అర స్వరం లోపల అయితే ఎవరికీ తెలియదు. అంతకు మించితే మళ్లీ రికార్డ్ చేయడమే మేలు. హైడ్రోజన్‌లో పిచ్ పెంచడమంటే శాంపిల్‌ను వేగంగా నడపడం. స్థాయి పెంచితే నిడివి సగం అవుతుంది, డప్పు కాస్తా కంజిర అవుతుంది. ఈసారి కాచిన వెంటనే గట్టి, మధ్య, మెల్ల మూడూ వరసగా కొట్టించి, మళ్లీ కాచి ఇంకో వరస కొట్టించండి. కుడిచేతి సిర్ర దెబ్బలు ఒక వరస, ఎడమచేతి చిటికెన పుల్ల దెబ్బలు ఇంకో వరస. రెండూ కలిపి తాళంగా వాయించినదాన్ని తర్వాత ముక్కలు చేస్తామంటే ఒక దెబ్బ మోత మీద ఇంకోటి పడి ఏదీ శుభ్రంగా తెగదు.

ముక్కలు చేయడానికి హైడ్రోజన్ లోపల శాంపిల్ ఎడిటర్ ఉంది, నేను దాన్ని ముట్టుకోను. ఆడాసిటీలో ఒక్కో దెబ్బను ఎంచుకుని కంట్రోల్-బి నొక్కి లేబుల్ పెడతాను. అన్నీ అయ్యాక లేబుళ్ల ప్రకారం విడివిడి ఫైళ్లుగా ఒకేసారి ఎగుమతి. లేబులే ఫైలు పేరవుతుంది కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా రాయండి. దెబ్బకు ముందు నిశ్శబ్దం ఉంచొద్దు. 44,100 శాంపిల్ రేటులో 441 శాంపిళ్లు మిగిల్చినా 10 మిల్లీసెకన్లు ఆలస్యం. ప్యాడ్ వాయించేవాడికి ఆ వెనకబాటు చేతికి తెలుస్తుంది.

మరమర

కొందరు వేగంగా వాయిస్తే టైప్‌రైటర్‌లా ఉందన్నారు. ప్రతిసారీ అదే శాంపిల్ పడితే అలాగే ఉంటుంది. 1980లో వచ్చిన లిన్ ఎల్ఎమ్-1, అసలు డ్రమ్ముల రికార్డింగులతో నడిచిన తొలి డ్రమ్ మెషిన్. దాంట్లోనూ ఇదే సంగతి, అప్పటి మెమరీ చిప్పుల ఖరీదుకి ఇంకో టేక్ పెట్టే వీలెక్కడిది! మనకు ఆ ఇబ్బంది లేదు. ఒకే హద్దులో రెండు మూడు శాంపిళ్లు పెట్టి, ఎంపిక విధానాన్ని 'రౌండ్ రాబిన్'కి మార్చండి, వంతులవారీగా పడతాయి. 'ర్యాండమ్' కూడా ఉంది కానీ అదే శాంపిల్ రెండుసార్లు వెంటవెంటనే పడొచ్చు, నాకు నచ్చదు.

మ్యూట్ గ్రూప్, మాటిచ్చాను కాబట్టి

రోలాండ్ 808 డ్రమ్ మెషిన్‌లో ఓపెన్ హ్యాట్ (తెరిచిన తాళాల జత మోత) మోగుతుండగా క్లోజ్డ్ హ్యాట్ (మూసిన జత మోత) పడితే ఓపెన్ టక్కున ఆగుతుంది. హైడ్రోజన్‌లో ఆ రెండు వాయిద్యాలకూ ఒకే మ్యూట్ గ్రూప్ నంబర్ ఇస్తే చాలు. ఆగకుండా ఇంకా సాగుతోందంటే ఆగాల్సిన వాయిద్యం రిలీజ్ (ఆపాక మోత తగ్గడానికి పట్టే సమయం) ఎక్కువ ఉంది. మ్యూట్ అయిన నోటు రిలీజ్ గుండానే తగ్గుతుంది కాబట్టి ఆ నాబ్ దించండి. మరీ సున్నాకి తెస్తే టిక్కుమని చప్పుడొస్తుంది. డప్పులో సిర్ర దెబ్బ, పుల్ల దెబ్బ ఒకే తోలు మీదివే కదా అని రెంటినీ ఒకే గ్రూపులో పెట్టకండి. తోలు మీద కొత్త దెబ్బ పాతదాన్ని అంత నిర్దాక్షిణ్యంగా కోయదు. చేత్తో తోలు ఆపి కొట్టిన దెబ్బ ఉంటే దాన్ని మాత్రం మోగే దెబ్బతో ఒకే గ్రూపులో పెట్టండి. ఒకే వాయిద్యం తన పాత మోతను తానే ఆపుకోవాలంటే దానికి మ్యూట్ గ్రూప్ పనిచేయదు, 'స్టాప్ నోట్' అనే టిక్కు వేరే ఉంది.

అభ్యాసం

ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను. ఒకే డప్పు, పైన చెప్పినట్టు వరసకో కాపుడు. మూడు బలాలు, ఒక్కో బలానికి మూడు టేకులు, సిర్రకు తొమ్మిది, పుల్లకు తొమ్మిది, మొత్తం 18 శాంపిళ్లు. డప్పు దొరక్కపోతే వంటింటి స్టీలు బిందె తీసుకోండి, దానికి కాపుడు కూడా అక్కర్లేదు. రెండు వాయిద్యాలుగా కట్టండి, హద్దులు పైన చెప్పినట్టే, ఎంపిక రౌండ్ రాబిన్. 16 గళ్ల మెట్ల పరీక్ష రెంటికీ పెట్టండి.

తర్వాత కిట్‌ను ఎగుమతి చేయండి. పోయినసారి కొందరు డ్రమ్‌కిట్ డాట్ ఎక్స్ఎమ్ఎల్ అనే ఫైలు ఒక్కటే స్నేహితుడికి పంపి "వాడి దగ్గర మోగట్లేదు" అన్నారు. ఆ ఫైల్లో ఉండేది శాంపిళ్ల పేర్లు, హద్దులు, నాబ్‌ల అంకెలు మాత్రమే, శబ్దం లేదు. పంపాల్సింది హెచ్2డ్రమ్‌కిట్ అని ముగిసే ఫైలు. అది శాంపిళ్లతో కలిపి కట్టిన టార్ మూట, జిప్ తెరిచే సాఫ్ట్‌వేర్‌తో లోపల చూసుకోవచ్చు కూడా. అందులో 18 ఫైళ్లూ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. ఆపైన మీ కంప్యూటర్‌లోనే ఇంకో యూజర్ ఖాతా తెరిచి, అక్కడ ఈ మూటను దిగుమతి చేసి వాయించి చూడండి. అక్కడ మోగితేనే ఇంకొకరికి పంపండి.