గల్ఫ్‌లో మనవాళ్లు అరెస్టయితే: ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి వెళ్లే తెలుగువారికి

పోలీసులు పట్టుకుంటే ముందు అనాల్సిన మాట ఒకటే: "నేను ఇండియన్‌ని, మా ఎంబసీకి కబురు చెయ్యండి." విదేశాల్లో తమ పౌరులకు ఎంబసీలు చేసే సాయంపై దేశాలు కుదుర్చుకున్న 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణం ప్రకారం ఈ హక్కు ఉందని పోలీసులే మీకు చెప్పాలి. కానీ ఎంబసీకి కబురు పంపడం మీరు అడిగితేనే వాళ్ల బాధ్యత. భయపడి నోరు మెదపకపోతే మీరెక్కడున్నారో ఎంబసీకి తెలియకపోవచ్చు. అరబీలో రాసిన కాగితం మీద అర్థం కాకుండా సంతకం పెట్టొద్దు, దుభాషీని అడగండి.

బయల్దేరే ముందే కొన్ని కేసులు తప్పించుకోవచ్చు. అప్పడాలు, ఊరగాయ తీసుకెళ్లండి. మాంసం కూరలోకని అమ్మ కట్టిచ్చే గసగసాల పొట్లం మాత్రం ఇంట్లోనే వదిలెయ్యండి. యూఏఈ, సౌదీల్లో గసగసాలు నిషేధం, మాదకద్రవ్యం కేసు కింద చూస్తారు. నొప్పికి వాడే ట్రమడాల్ మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు అనుమతి లేకుండా తీసుకెళ్లినా అంతే. ఊరివాళ్లు ఇచ్చిన పార్సిల్ విప్పి చూడకుండా పెట్టెలో పెట్టుకోవద్దు.

ఇక ఇంటివాళ్ల పని. విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, వచ్చిన నంబరు జాగ్రత్త చెయ్యాలి. పాస్‌పోర్టు నంబరు, యజమాని పేరు, చివరిసారి ఫోన్ వచ్చిన తేదీ, ఊరు, పోలీస్ స్టేషన్ తెలిస్తే అదీ రాయాలి. మన ప్రాంతంలో చిక్కంతా పేరు దగ్గరే వస్తుంది. ఒడియాలో 'వ'ను 'బ'గా రాస్తారు కాబట్టి 'వెంకట' కాస్తా 'బెంకట' అవుతుంది. ఓటరు కార్డులో ఒకలా, పాస్‌పోర్టులో ఇంటిపేరు కలిపి ఇంకోలా, జైలు రికార్డులో అరబీ ఉచ్చారణతో మరోలా ఉంటే మనిషిని వెతకడమే కష్టం. అందుకే పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే వాడండి, ముద్దుపేరు అసలే వద్దు. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా జిరాక్సులు ఇంట్లో ముందే ఉంచండి.

ఎంబసీ అధికారి జైలుకు వచ్చి ఖైదీతో మాట్లాడగలరు, లాయర్ల జాబితా ఇవ్వగలరు, విచారణ ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోగలరు. తీర్పు మార్చమని కోర్టును ఆదేశించలేరు. అక్కడి చట్టాన్ని గౌరవించాలని అదే ఒప్పందం 55వ అధికరణం చెబుతోంది. డబ్బు లేనివాళ్లు న్యాయ సహాయానికి భారతీయ సముదాయ సంక్షేమ నిధి నుంచి సాయం కావాలని రాతపూర్వకంగా అడగాలి. 2009లో పెట్టిన నిధి అది.

కొట్టారనో, మందులు ఇవ్వలేదనో చెప్పేటప్పుడు "బాధ పెడుతున్నారు" అంటే చాలదు. ఏ తేదీ, ఏ గది, ఎన్ని గంటలకు, ఒంటి మీద ఎక్కడ దెబ్బ, ఏ మందు ఎన్నాళ్లుగా ఆగింది, ఇవన్నీ అధికారికి చెప్పాలి. అలాంటి ఫిర్యాదునే మన ప్రభుత్వం అక్కడి విదేశాంగ శాఖ ముందు పెట్టగలదు. ఓపిక చాలా కావాలి. ఖతార్‌లో 2022 ఆగస్టులో నిర్బంధించిన ఎనిమిది మంది భారత మాజీ నేవీ సిబ్బందికి 2023 అక్టోబరులో మరణశిక్ష పడింది. డిసెంబరులో అది తగ్గింది, 2024 ఫిబ్రవరిలో విడుదలయ్యారు. అప్పీలు, రెండు ప్రభుత్వాల మధ్య మాటలు ఒకేసారి నడిచిన కేసు అది. దానికే ఏడాదిన్నర పట్టింది.

శిక్ష ఖాయమైతే మిగిలిన కాలం మన దేశ జైలులో గడపడానికి 2003 చట్టం దారి ఇస్తుంది. యూఏఈ, సౌదీ, కువైట్, ఖతార్‌లతో ఒప్పందాలున్నాయి. సాధారణంగా కనీసం ఆరు నెలల శిక్ష మిగిలి ఉండాలి, వేరే కేసు పెండింగులో ఉండకూడదు, ఖైదీ ఒప్పుకోవాలి, రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి. మరణశిక్ష పడినవారికి వర్తించదు. ఇది విడుదల కాదు, జైలు మారడమే. అయినా తల్లి వెళ్లి కొడుకును చూసుకోగలదు. మాట్లాడేది తెలుగైనా మీ చిరునామా ఒడిశాది కాబట్టి కలెక్టరు కార్యాలయం, హోం శాఖ అన్నీ ఒడిశావే. ఆంధ్రా కార్యాలయాల చుట్టూ తిరిగి నెలలు పోగొట్టుకోవద్దు.