ఉప ఎన్నిక ముంగిట: అభ్యర్థి గొడవ ఈవీఎం దాకా వెళ్లకముందే

నోటిఫికేషన్ వెలువడిన రోజు నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. నామినేషన్లకు ఏడు రోజులు. మర్నాడు స్క్రూటినీ, అంటే నామినేషన్ల పరిశీలన. ఆ తర్వాత రెండో రోజు మధ్యాహ్నం మూడు గంటలకు ఉపసంహరణ గడువు. మధ్యలో సెలవు పడితే ఒక రోజు అటూ ఇటూ. అంతే, మొత్తం పది రోజులు. ఆ మూడు గంటలు దాటాక మీ అభ్యర్థి మీద ఏ బాంబు పేలినా, పార్టీ అధ్యక్షుడే ప్రెస్‌మీట్ పెట్టి ఇతను మావాడు కాదన్నా, ఈవీఎం మీద ఆ పేరూ ఆ గుర్తూ అలాగే ఉంటాయి. అభ్యర్థి చనిపోతే తప్ప, చట్టం పార్టీకి ఇంకో మనిషిని నిలబెట్టే అవకాశం ఇవ్వదు.

మన దగ్గర ఎన్నికల జాగ్రత్తలంటే పోలింగ్ రోజు జాగ్రత్తలే. బూత్ ఏజెంట్లు, భోజనాలు, ఆటోలు. పాతికేళ్లుగా పార్టీ ఆఫీసులో కాగితాల పని చూస్తున్నవాడిగా చెబుతున్నాను, కొంప మునిగేది ఆ పది రోజుల్లోనే. ఉప ఎన్నికలో అయితే మరీను. సాధారణ ఎన్నికల్లో 119 చోట్ల 119 అలకలు ఉంటాయి, ఒక్కో అలకకు జిల్లా పేజీలో మూడు లైన్లు. ఉప ఎన్నికలో అలక ఒక్కటే, దాని ముందు ఇరవై కెమెరాలు.

పేరు బయటపెట్టకముందు

సీటు ఖాళీ అయ్యాక ఆరు నెలల్లో ఎన్నిక జరగాలి కాబట్టి, సంతాప సభలో పూలదండ వాడకముందే ఆశావహులు లెక్కలు మొదలుపెడతారు. వాళ్లని తిట్టుకుని లాభం లేదు. చేయాల్సిందల్లా ఒక్కొక్కరినీ విడిగా, ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడటం. ఫోన్‌లో మాత్రం టికెట్ ఊసెత్తొద్దు. ప్రతి కాల్ రికార్డవుతోందనుకునే మాట్లాడండి.

హుజూరాబాద్ గుర్తు చేసుకోండి. 2021 జులైలో, షెడ్యూలు కూడా రాకముందే, కాంగ్రెస్ నాయకుడు పాడి కౌశిక్‌రెడ్డి టీఆర్ఎస్ టికెట్ తనకే ఖాయమైందని ఒక కార్యకర్తతో ఫోన్‌లో అన్న మాటలు బయటికొచ్చాయి. పార్టీ షోకాజ్ నోటీసు ఇచ్చింది, ఆయన రాజీనామా చేశారు, అదే నెలలో గులాబీ కండువా కప్పుకున్నారు. తీరా టికెట్ గెల్లు శ్రీనివాస్ యాదవ్‌కు వెళ్లింది. 2018లో కౌశిక్‌రెడ్డి చేతి గుర్తు మీద తెచ్చుకున్న ఓట్లు 61,121. ఉప ఎన్నికలో అదే చేతి గుర్తుకు వచ్చినవి 3,014. పోయిన ఓట్లన్నీ ఆ ఒక్క ఫోన్ కాల్ వల్ల పోయాయని నేననను. ఆ పోరు అప్పటికే ఈటల రాజేందర్‌కూ కేసీఆర్‌కూ మధ్య వ్యవహారమైపోయింది. కానీ ఉన్న ఒక్క బలమైన అభ్యర్థీ రేపో మాపో వెళ్లిపోతాడని ఊరంతా అనుకుంటున్నప్పుడు, పార్టీ రెండో పేరు సిద్ధం చేసుకోలేదు. తప్పు అక్కడుంది.

టికెట్ రానివాడు ఊరుకుంటాడనే భరోసా పెట్టుకోవద్దు. 2017 నంద్యాలలో టీడీపీ మొగ్గు భూమా కుటుంబం వైపే ఉందని తేలేసరికి శిల్పా మోహన్‌రెడ్డి పార్టీ మారి అవతలి అభ్యర్థిగా నిలబడ్డారు. 2022 మునుగోడులో కూసుకుంట్ల ప్రభాకర్‌రెడ్డికి టికెట్ వద్దని సొంత పార్టీ స్థానిక నాయకులే మీటింగులు పెట్టారు. పోలింగ్ దగ్గర పడ్డాక మాజీ ఎంపీ బూర నర్సయ్యగౌడ్ బీజేపీలోకి వెళ్లారు. చివరికి టీఆర్ఎస్ పదివేల పైచిలుకు ఓట్లతో గెలిచింది కాబట్టి ఆ అసమ్మతిని సర్దడానికి ఎంతమంది మంత్రులు ఎన్ని రోజులు ఆ మండలాల్లో మకాం వేశారో ఎవరూ లెక్క తీయలేదు.

కొందరు దీనికి విరుగుడుగా పేరును చివరి రోజు దాకా దాచిపెడతారు. 2021లో నాగార్జునసాగర్‌లో టీఆర్ఎస్ నోముల భగత్ పేరును నామినేషన్ల గడువుకు ఒక్క రోజు ముందే చెప్పింది. తిరుగుబాటుకు టైము దొరకదు, నిజమే. కాగితాలకు కూడా టైము దొరకదు. ఆ దారి పట్టేవాళ్లు ముగ్గురు ఆశావహుల అఫిడవిట్లూ ముందే తయారు చేయించి పెట్టుకోండి.

ఇంకో మాట. చనిపోయిన ఎమ్మెల్యే ఇంట్లోవాళ్లకు టికెట్ ఇస్తే గొడవే ఉండదని ఒక నమ్మకం ఉంది. సాగర్‌లో కొడుకు గెలిచాడు, బద్వేలులో భార్య గెలిచారు. దుబ్బాకలో, జూబ్లీహిల్స్‌లో భార్యలే నిలబడ్డారు, ఓడిపోయారు. సానుభూతి ఉంది కదా అని మిగతా జాగ్రత్తలు మానేయకండి.

మన అభ్యర్థిని మనమే ముందు నిలదీయాలి

ప్రత్యర్థి వకీలు స్క్రూటినీ రోజున ఏం అడుగుతాడో, వారం ముందే మనం అడగాలి. ఇది పార్టీ ఆఫీసులో కాదు, అభ్యర్థి ఇంట్లో జరగాలి. భార్య లేదా భర్త పక్కన ఉండాలి. ఎందుకంటే ఫారం 26 అఫిడవిట్‌లో వాళ్ల ఆస్తులు, అప్పులు, పాన్, ఐదేళ్ల ఆదాయపు పన్ను వివరాలు కూడా రాయాలి. అభ్యర్థికి గుర్తులేని ప్లాటు ఇంటి ఇల్లాలికి గుర్తుంటుంది. ఎప్పుడో బంధువు కోసం తీసి మరిచిపోయిన బ్యాంకు ఖాతా, అమ్మేశాం అనుకుంటున్నా పాసుపుస్తకంలో ఇంకా తమ పేరనే ఉన్న అరెకరం. ఇవి బయటపడేవి ఆ సంభాషణలోనే.

చిన్న విషయం అనిపిస్తోందా? 2018లో గెలిచిన కొత్తగూడెం ఎమ్మెల్యే వనమా వెంకటేశ్వరరావు ఎన్నిక చెల్లదని 2023 జులైలో తెలంగాణ హైకోర్టు చెప్పింది. కారణం అఫిడవిట్. నెల తిరగకముందే గద్వాల ఎమ్మెల్యే బండ్ల కృష్ణమోహన్‌రెడ్డికీ అదే తీర్పు. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, అది వేరే సంగతి. నాలుగున్నరేళ్ల పాటు ఆ కాగితం వాళ్ల వెంట తిరిగింది.

ఏ గడీ ఖాళీగా వదలొద్దు. లేకపోతే ‘లేదు’ అని, సంబంధం లేకపోతే ‘వర్తించదు’ అని రాయండి. అడ్డగీత కొడితే చాలదు. ఖాళీలున్న అఫిడవిట్‌ను ఆర్వో (రిటర్నింగ్ అధికారి) నోటీసు ఇచ్చాక కూడా సరిచేయకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చని 2013లోనే సుప్రీంకోర్టు తేల్చింది. నోటరీని కూడా చూసుకోండి. నంద్యాలలో శిల్పా మోహన్‌రెడ్డి అఫిడవిట్ మీద నోటరీ చేసిన లాయరు లైసెన్సు గడువు తీరిపోయిందని టీడీపీ అభ్యంతరం లేవదీసింది. నామినేషన్ చివరికి ఆమోదించారు. కానీ ఆ కొన్ని గంటలు ఆ శిబిరంలో ఎవరి గొంతులోనైనా టీ దిగి ఉంటుందా?

కేసుల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ధర్నాలకీ రాస్తారోకోలకీ పోయిన నాయకుడికి తన మీద ఎన్ని ఎఫ్ఐఆర్‌లు ఉన్నాయో తనకే తెలియదు. 2024 ఎన్నికల ముందు టీడీపీ నాయకులు తమ మీద ఏయే కేసులున్నాయో చెప్పమని డీజీపీకి లేఖలు రాసి, హైకోర్టు దాకా వెళ్లారు. అంత పెద్దవాళ్లకే ఆ అవసరం పడింది. మీరు ఎస్పీ ఆఫీసుకు లేఖ ఇప్పుడే పెట్టండి, తీసుకున్నట్టు స్టాంపు వేయించుకోండి.

కేసులున్న అభ్యర్థిని ఎంచుకుంటే, ఎంచుకున్న 48 గంటల్లో పార్టీ ఆ వివరాలు పత్రికలోనూ తన వెబ్‌సైటులోనూ పెట్టాలి. ఈయన్నే ఎందుకు ఎంచుకున్నామో కారణం రాయాలి. గెలుస్తాడు కాబట్టి అని రాస్తే కుదరదు. అభ్యర్థి ఉపసంహరణ గడువు తర్వాత మూడు విడతలుగా ప్రకటనలు ఇవ్వాలి: మొదటి నాలుగు రోజుల్లో ఒకటి, ఐదు నుంచి ఎనిమిదో రోజు లోపు రెండోది, తొమ్మిదో రోజు నుంచి ప్రచారం ముగిసేలోపు మూడోది. చాలామంది దీన్ని అవమానంగా భావించి ఎవరూ చదవని పేపర్లో మూలన వేయిస్తారు. నా మాట వినండి, మనమే ముందు చెప్పిన కేసు పాత కేసు, అవతలివాడు చెప్పిన కేసు కుంభకోణం.

పాత వీడియోలు ఎవరు చూస్తారని అనుకోకండి. అభ్యర్థి ఫేస్‌బుక్ పదేళ్ల వెనక్కి ఇద్దరు కుర్రాళ్లతో వెతికించండి. దొరికినవాటిని గుట్టుగా తొలగించడం మాత్రం తెలివితక్కువ పని, స్క్రీన్‌షాట్ ఎవరి దగ్గరో ఇప్పటికే ఉంటుంది. ఏం దొరికిందో రాసుకుని, దానికి చెప్పే జవాబు సిద్ధం చేసుకోండి.

డమ్మీ వేశాం కదా అనుకుంటే

డమ్మీ అంటే, అసలు అభ్యర్థి నామినేషన్ పోతే పనికొస్తాడని పార్టీ వేయించే రెండో నామినేషన్ మనిషి. ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పెద్ద పార్టీలే ఇక్కడ బోల్తా పడ్డాయి.

గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు, అంటే పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టే ఓటరు, చాలు. స్వతంత్రుడికి పది మంది కావాలి. డమ్మీ కూడా మన పార్టీయే కదా అని అతనికీ ఒక్క సంతకమే పెట్టిస్తారు. స్క్రూటినీలో అసలు అభ్యర్థి నామినేషన్ ఆమోదం పొందిందనుకోండి. ఆ క్షణాన డమ్మీ పార్టీ అభ్యర్థి కాడు, ఒక్క సంతకమే ఉంది కాబట్టి అతని నామినేషన్ తిరస్కరిస్తారు. రెండు రోజుల తర్వాత అసలువాడు విత్‌డ్రా అయితే? చేతిలో ఎవరూ ఉండరు.

ఊహించి చెప్పడం లేదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఇండోర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి అక్షయ్ కాంతి బమ్ ఉపసంహరణ చివరి రోజున నామినేషన్ వెనక్కి తీసుకుని బీజేపీలో చేరారు. డమ్మీ నామినేషన్ అప్పటికే స్క్రూటినీలో పోయింది. హైకోర్టుకు వెళ్లినా ఫలితం లేకపోయింది. అక్కడ నోటాకు రెండు లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. అందుకని డమ్మీకి పది మంది ప్రతిపాదకులతో ఒక సెట్టు నామినేషన్ పత్రాలు వేయించండి. అక్కర్లేదనుకుంటే విత్‌డ్రా చేయించొచ్చు, అది మన చేతిలో పని. ఆ డమ్మీ కూడా నమ్మకస్తుడై ఉండాలని వేరే చెప్పాలా.

ప్రతిపాదకుల విషయానికొస్తే సూరత్. అదే ఎన్నికల్లో అక్కడి కాంగ్రెస్ అభ్యర్థి నీలేశ్ కుంభానీ ప్రతిపాదకులు ఆ సంతకాలు తమవి కావన్నారు. నామినేషన్ పోయింది, డమ్మీదీ పోయింది, బీజేపీ అభ్యర్థి పోటీ లేకుండా గెలిచాడు. కాబట్టి నాలుగు సెట్ల దాకా వేసే వీలుంది, నాలుగూ వేయండి. నాలుగింటికీ వేర్వేరు ప్రతిపాదకులు, అందరూ ఆ నియోజకవర్గ ఓటర్లే అయ్యుండాలి. సంతకం పెడుతుండగా వీడియో తీయండి. టికెట్ రాని ఆశావహుడిని ఒక సెట్టుకు ప్రతిపాదకుడిగా పెట్టడం మా పాత అలవాటు. మనసు మెత్తబడిందో లేదో అక్కడే తెలిసిపోతుంది. మెత్తబడలేదనిపిస్తే ఆ సెట్టు మీద ఆధారపడకండి.

అభ్యర్థి ఓటు వేరే నియోజకవర్గంలో ఉంటే అక్కడి ఓటరు జాబితా సర్టిఫైడ్ కాపీ తెప్పించండి. ఎన్నికల ఖర్చుకు విడి బ్యాంకు ఖాతా నామినేషన్‌కు ముందు రోజుకైనా తెరిచి ఉండాలి. ఇతనే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే ఏ-ఫారం, బీ-ఫారం నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడింటిలోపు ఆర్వోకు అందాలి. సిరా సంతకంతో ఒరిజినల్ కావాలి. జిరాక్సు, ఫ్యాక్సు, రబ్బరు స్టాంపు సంతకం పనికిరావు. ఒకసారి మా అభ్యర్థి బీ-ఫారం కారులో ఉండిపోయి, ఆ కారు డీజిల్ కోసం బంకుకు వెళ్లింది. రెండు గంటల యాభై నిమిషాలకు వచ్చింది. ఆ రోజు నుంచి బీ-ఫారం నా చొక్కా లోపలి జేబులోనే.

ఎంపీటీసీ, జెడ్పీటీసీ, మున్సిపల్ వార్డు ఉప ఎన్నికలైతే రాష్ట్ర ఎన్నికల సంఘం నిబంధనలు, గడువులు వేరు. ఆ నోటిఫికేషన్ తీసి చదువుకోండి. సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తే ఉండదు.

గుర్తు, పేరు

ఉపసంహరణ గడువు ముగిసిన సాయంత్రం స్వతంత్రులకు గుర్తులు ఇస్తారు. అందరూ సంబరాల్లో ఉంటారు, మీరు అక్కడే ఉండండి. దుబ్బాకలో 2020లో తేడా 1,079 ఓట్లు. కారును పోలిన గుర్తుతో నిలబడిన ఓ స్వతంత్రుడికి అంతకన్నా ఎక్కువే పడ్డాయని టీఆర్ఎస్ వాళ్లు ఆ తర్వాత చాలాకాలం బాధపడ్డారు. రెండేళ్లకు మునుగోడులో రోడ్డు రోలర్ గుర్తు మీద పెద్ద రభసే జరిగింది. ఒక అభ్యర్థికి ఇచ్చిన ఆ గుర్తును రిటర్నింగ్ అధికారి మార్చేశారు, ఎన్నికల సంఘం దాన్ని తిరిగి ఇప్పించి, ఆ అధికారినే మార్చింది. నేర్చుకోవాల్సింది ఏమిటంటే, అభ్యంతరం ఉంటే నోటిఫికేషన్ ముందే ఎన్నికల సంఘానికి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆర్వో బల్ల ముందు నిలబడి అరిస్తే ఆయనకీ మనకీ ఇద్దరికీ నష్టమే.

గడువు దాటాక పేలితే

2024 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్ ఉప ఎన్నికలో లేబర్ పార్టీ అభ్యర్థి అజర్ అలీ ఇజ్రాయెల్ గురించి అన్న మాటల రికార్డు బయటికొచ్చింది. పార్టీ మొదట ఆయన్ని వెనకేసుకొచ్చింది, తర్వాత మద్దతు ఉపసంహరించుకుంది. నామినేషన్ల గడువు అప్పటికే అయిపోయింది. బ్యాలెట్ మీద ఆయన పేరు పక్కన లేబర్ అనే ఉంది. జార్జ్ గాలోవే గెలిచారు. ఆ దేశం వేరు, మాటలు వేరు, ఇరకాటం మాత్రం మనదే. నాకు ఆ కథలో పెద్ద తప్పుగా కనిపించేది మాట మార్చడం. వెనకేసుకొచ్చేవాళ్లు వెనకేసుకురావాలి, వదిలేసేవాళ్లు మొదటే వదిలేయాలి.

కాబట్టి గొడవ పేలితే మొదటి మూడు గంటలు ఎవరూ టీవీ ముందుకు వెళ్లొద్దు. అభ్యర్థి దగ్గర ఒక్కరే కూర్చుని నిజం ఏంటో తెలుసుకోవాలి. తర్వాత ఒక్క గొంతే మాట్లాడాలి. వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లకు ఆ మూడు గంటలూ గ్రూపు తాళం వేయమని చెప్పండి. కోపంలో కార్యకర్తలు అవతలి అభ్యర్థి ఇంటి విషయాలు తవ్వి పోస్టులు పెడతారు. ప్రత్యర్థి వ్యక్తిగత నడవడిక మీద అబద్ధమని తెలిసీ ప్రచారం చేస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అది అవినీతి చర్య అవుతుంది. అభ్యర్థి గానీ ఏజెంటు గానీ చేశారని, లేదా వాళ్ల సమ్మతితో జరిగిందని కోర్టులో తేలితే గెలిచిన ఎన్నికే పోతుంది.

ఉపసంహరణ రోజు మూడు దాటాక ఆర్వో ఆఫీసు నోటీసు బోర్డు మీద తుది జాబితా అంటిస్తారు. ఫొటో తీసుకోండి. మన అభ్యర్థి పేరు తెలుగు అక్షరాల్లో సరిగ్గా ఉందా, అదే పేరుతో ఇంకెవరైనా ఉన్నారా చూడండి. తప్పుంటే ఆ సాయంత్రమే కాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకోండి. బ్యాలెట్ పత్రం అచ్చుకు వెళ్లాక ఎంత బతిమాలినా వినేవాళ్లుండరు.