ఇంటి కసరత్తు – మూడో పాఠం: మెట్లు దిగలేని వాళ్ళ కోసం

ఈ వారం దండీల (చేతుల మీద ఒంటిని దించి లేపే కసరత్తు) పాఠం అనుకున్నాం కదా, అది లేదు. వచ్చే వారం చూద్దాం. బస్కీల (కూర్చుని లేచే కసరత్తు) మీద రాసిన రెండో పాఠం వెళ్ళిన మూడో రోజు నుంచి నాకు వస్తున్న కబుర్లన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. కావలి నుంచి ఒకావిడ, డాబా మీద బట్టలు ఆరేసి వచ్చేటప్పుడు గోడ పట్టుకుని అడ్డంగా, పీతలా దిగుతున్నానని రాశారు. ఒంగోల్లో బ్యాంకులో పనిచేసే ఒకాయన పాయిఖానాలో కూర్చున్నాక లేవడానికి కుళాయి పట్టుకున్నాడట, కుళాయి ఊడొచ్చిందట. పొదలకూరు కుర్రాడొకడు మొదటి రోజే రెండొందల బస్కీలు తీశాడు. ఎందుకబ్బా అంటే, "మొదటి పది ఈజీగా వచ్చాయి మాస్టారూ" అన్నాడు.

నేను రాసింది పది బస్కీలు, మూడు విడతలు, మధ్యలో నిమిషం విశ్రాంతి. అంటే ముప్పై. పాఠం పైన పెద్ద అక్షరాల్లోనే ఉంది. ముప్పై తీసిన వాళ్ళకి కూడా తొడలు పట్టేశాయి, కాదనను. కానీ వాళ్ళు మెట్లు దిగారు.

బస్కీలో నొప్పి తెచ్చేది లేవడం కాదు, కూర్చోవడం. కిందికి దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువుని ఆపుతుంది. అలవాటు లేని కండరం అట్టా సాగుతూ పనిచేస్తే దాని పోగుల్లో సన్నసన్నటి చిరుగులు పడతాయి. వాటిని బాగుచేసుకునే క్రమంలో వాపు, బిగుతు వస్తాయి. అందుకే చేసిన వెంటనే ఏమీ తెలీదు. మర్నాడు మొదలై రెండో రోజుకో మూడో రోజుకో ముదిరి, తర్వాత దానంతట అదే తగ్గుతుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందని జిమ్ముల్లో చెబుతుంటారు, అది వట్టిమాట. ఆ లాక్టేటు కసరత్తు ఆపిన గంటా గంటన్నరలోపే సర్దుకుంటుంది, మూడో రోజు దాకా తొడల్లో కూర్చోదు.

ఇందులో ఒక మంచి సంగతి కూడా ఉంది. అదే బస్కీలు వారం పది రోజుల తర్వాత మళ్ళీ తీస్తే నొప్పి ఇంతకంటే చాలా తక్కువగా ఉంటుంది. కండరానికి ఒక్కసారి తెలిస్తే చాలు, కొన్ని వారాలు గుర్తుంచుకుంటుంది. కాబట్టి నొప్పి చూసి మానేయకండి, నొప్పి పోవాలని మంచం కూడా ఎక్కకండి. ఇంట్లో అటూ ఇటూ తిరగండి, వేణ్నీళ్ళు పోసుకోండి. గట్టిగా తొక్కించుకోవడం, పిసికించుకోవడం వద్దు.

రెండు రకాల నొప్పిని మాత్రం సహించకూడదు. మోకాలి లోపల సూదిలా, ఒక్క కాలికే, వాపుతో వచ్చేది ఒకటి. తొడలు రాయిలా ఉబ్బి, మూత్రం డికాక్షన్ రంగులో రావడం రెండోది. కొబ్బరి నీళ్ళు తాగి చూద్దామనుకునే నొప్పి కాదిది. కండరం చితికి దాని సరుకు రక్తంలో కలిసినప్పుడు అట్టా అవుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అదే రోజు ఆసుపత్రికి పోవాలి. పొదలకూరు కుర్రాడికి ఆ అవస్థ రాలేదు, అదృష్టవంతుడు.

బీపీ, షుగరు, గుండె సంగతి మొదటి పాఠంలో చెప్పాను. చదవని వాళ్ళు ఇక్కడే ఆగి అది చదివి రండి.

ఇక అసలు కోపం వచ్చిన విషయానికి వస్తాను.

ఫ్యాను ఆపి చేస్తున్నారు! ఒకరో ఇద్దరో కాదు. చెమట ఎక్కువ పడితే కొవ్వు ఎక్కువ కరుగుతుందట. ఒకాయన వానకోటు తొడుక్కుని చేశాడు. ఒకమ్మాయి పొట్ట చుట్టూ ప్లాస్టిక్ కవరు చుట్టి పైన చున్నీ బిగించింది. కోవూరు నుంచి ఒకాయన, "ఇరవై నిమిషాలు చేసి బనియను పిండితే గ్లాసు నీళ్ళు వచ్చాయి సార్, బాగా పనిచేస్తోంది" అని సంతోషంగా రాశాడు. ఏందయ్యా పనిచేసేది?

ఎండాకాలం ఇంట్లో కుండ పెట్టుకుంటాం. మట్టి గుండా ఊరిన నీరు బయట ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది, అందుకే నీళ్ళు చల్లగా ఉంటాయి. చెమట పని అంతే. ఒంటిని చల్లబరచడం తప్ప దానికి వేరే ఉద్యోగం లేదు. కుండ చుట్టూ ప్లాస్టిక్ చుట్టండి, నీళ్ళు చల్లబడతాయేమో చూడండి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోక్యాలరీల వేడి బయటికి పోతుంది. ఇది చదివి "అయితే అన్ని క్యాలరీలు ఖర్చయినట్టేగా" అని రాయబోతున్నారు కదా, రాయకండి. ఆ వేడి ఒంట్లో పుట్టింది కొంత, ఎండ నుంచి, గోడల నుంచి ఎక్కింది కొంత. దాన్ని బయటికి తోలడమే తప్ప, తోలడం కోసం కొవ్వు మండదు.

మన నెల్లూరు, ఒంగోలు వైపే తేడా చూడండి. మైపాడు పక్కనో, కొత్తపట్నం పక్కనో ఉన్నవాళ్ళకి సముద్రపు తేమ. గాలి అప్పటికే తడిగా ఉంటే చెమట ఆవిరవదు, ధారగా కారుతుంది. కారిపోయిన చుక్క ఒంటిని చల్లబరచదు, అది వృథా. అదే కనిగిరి వైపు పొడి ఎండ. అక్కడ చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది, చొక్కా మీద ఉప్పు చారలు తప్ప తడి కనపడదు. ఇద్దరూ ఒకే బరువున్న మనుషులై, ఒకే ముప్పై బస్కీలు తీస్తే ఖర్చు దాదాపు ఒకటే. కనిగిరి మనిషి మాత్రం "నాకు చెమటే పట్టడం లేదు, ఇంకో యాభై తీయాలేమో" అని దిగులుపడతాడు.

చెమటతో సన్నబడేటట్టయితే దోశ పెనం ముందు పొద్దస్తమానం నిలబడే మాస్టరు పుల్లలా ఉండాలి. రొయ్యల గుంట గట్టు మీద మిట్టమధ్యాహ్నం కాపలా కూర్చునే మనిషికి పొట్ట ఉండకూడదు. మే నెలలో నెల్లూరు నుంచి ఒంగోలుకి కిక్కిరిసిన బస్సులో నిలబడి వెళ్ళిన వాళ్ళంతా దిగేసరికి సైజు తగ్గాలి. కారం దోశ తింటే నుదురంతా చెమటే. మరి దాన్నీ కసరత్తు ఖాతాలో రాసుకుందామా?

కొవ్వు యాడికి పోతుందో చెబుతాను. ఎక్కువ భాగం ముక్కు గుండా పోతుంది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ లెక్క కట్టి చూపించారు. పది కిలోల కొవ్వు ఒంట్లో పూర్తిగా ఖర్చయితే, దానిలో 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా (కార్బన్ డయాక్సైడ్) మారి ఊపిరితో బయటికి వస్తుంది. మిగతా 1.6 కిలోలే నీరు. అట్టాగని మంచం మీద కూర్చుని గబగబా ఊపిరి వదిలితే కళ్ళు తిరగడం తప్ప ఏమీ జరగదు. కండరం పనిచేస్తేనే కొవ్వు ఆ వాయువుగా మారుతుంది. ఊపిరి దాన్ని మోసుకుపోతుంది, అంతే.

ఫ్యాను ఆపితే నష్టం కూడా ఉంది. ఒళ్ళు వేడెక్కితే గుండె తన రక్తంలో చాలా భాగాన్ని చల్లార్చడానికి చర్మం వైపు మళ్ళిస్తుంది. కండరాలకి అందేది తగ్గుతుంది. పది నిమిషాల్లోనే దమ్ము అయిపోతుంది. చేతి గడియారం మాత్రం గుండె వేగం 160 అని, క్యాలరీలు ఇన్నని గొప్పలు పోతుంది. అది వేడికి కొట్టుకునే గుండె, పనికి కొట్టుకునేది కాదు. ఫ్యాను కింద అదే మనిషి ఇరవై నిమిషాలు చేయగలడు. ఖర్చు ఎవరిది ఎక్కువో మీరే చెప్పండి. రోహిణి కార్తెలో వానకోటు వేసుకుని గెంతితే వడదెబ్బ ఇంట్లోనే తగులుతుంది, బయటికి పోనక్కర్లేదు.

కాబట్టి ఫ్యాను ఐదులో పెట్టండి, కిటికీ తీయండి, నూలు బనియను వేసుకోండి. వీలైతే తెల్లారి ఐదున్నరకి, ఎండ రాకముందే కానివ్వండి. నా లెక్కలో సాయంత్రం కసరత్తు కసరత్తే కాదు. అది నా పట్టింపు, ఉద్యోగాల వాళ్ళు పట్టించుకోకండి.

చెమట కాకపోతే ఎంత గట్టిగా చేస్తున్నామో ఎట్టా తెలుస్తుంది? పన్నెండో ఎక్కం చెప్పండి. చేస్తూ చేస్తూ పైకి వినపడేలా చెప్పాలి. పన్నెండు ఒకట్ల పన్నెండు దగ్గర్నుంచి పన్నెండు ఐదుల అరవై దాకా ఒకే ఊపిరిలో వస్తే మీరు షికారు చేస్తున్నారు, వేగం పెంచండి. ఒక్కో వరసకీ ఊపిరి తీసుకోవాల్సి వస్తే సరిగ్గా ఉంది. "పన్నెండు..." దగ్గరే ఆగిపోయారంటే ఎక్కువైంది, నడకలోకి దిగండి. ఎక్కం తప్పు చెప్పినా ఫరవాలేదు, ఊపిరి లెక్కే మనకి కావాల్సింది. ఈ పరీక్షకి గడియారం అక్కర్లేదు. నేను ఇప్పటికీ దీన్నే వాడతాను.

కాటా సంగతి ఇద్దరు ముగ్గురు అడిగారు, వారం చేస్తే కిలో పెరిగిందని. కొత్త కసరత్తుకి వాచిన కండరం నీరు పట్టుకుంటుంది. కండరంలో నిలవుండే పిండిపదార్థం కూడా తన బరువుకి సుమారు మూడింతల నీటిని దగ్గర పెట్టుకుంటుంది. పైగా ముందు రోజు రాత్రి ఊరగాయ. అది కొవ్వు కాదు. వారానికి మూడుసార్లు, పొద్దున్నే, పాయిఖానాకి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు తూగి సగటు రాసుకోండి. నడుం కొలత బొడ్డు దగ్గర టేపుతో, రెండు వారాలకోసారి.

ఇంకొకరు నాలుగు నిమిషాల టబాటా వీడియో పంపి, ఇది చాలదా అన్నారు. 1996లో జపాను శాస్త్రవేత్త ఇజుమి టబాటా ఆ పద్ధతిని పరీక్షించింది అప్పటికే కసరత్తు అలవాటున్న కుర్రాళ్ళ మీద, కదలని సైకిలు మీద. ఇరవై సెకన్లు ప్రాణం పెట్టి తొక్కడం, పది సెకన్లు ఆగడం. చూసింది దమ్ము పెరిగిందా అని, బరువు తగ్గిందా అని కాదు. రెండో వారంలో ఉన్న మనకి అది వద్దు. బర్పీలు (కిందికి వంగి, దండీ భంగిమలోకి పోయి, లేచి ఎగిరే కసరత్తు) అసలే వద్దు. బర్పీ అంటే నాకు మొదట్నుంచీ పడదు, ఈ పాఠాల్లో ఎక్కడా రాదు.

ఈ వారం చేయాల్సింది ఇది. రోజు విడిచి రోజు, నాలుగు సార్లు. ఐదు నిమిషాలు ఉన్నచోటే నడక. తర్వాత కుర్చీ బస్కీలు ఎనిమిది: కుర్చీ అంచుకి పిర్ర తగలగానే లేవాలి, కూలబడకూడదు. ప్లాస్టిక్ కుర్చీ అయితే దాని వీపు గోడకి ఆనించి పెట్టండి, లేదంటే జారుతుంది. గోడకి చేతులు పెట్టి దండీలు ఎనిమిది. మోకాళ్ళు నడుం దాకా ఎత్తుతూ నడక అర నిమిషం. మెట్టు ఎక్కి దిగడం అర నిమిషం. ఒక నిమిషం ఆగి మళ్ళీ. మొత్తం మూడు చుట్లు, ఓపిక ఉన్నా నాలుగోది లేదు. రెండో చుట్టులో ఎక్కం చెప్పాలి. చీమకుర్తి గ్రానైటు పరిచిన ఇళ్ళల్లో చెమట చుక్క పడితే నేల గాజే. రబ్బరు చాప వేసుకోండి, పాత దుప్పటి వేస్తే అది కూడా మీతోపాటే జారుతుంది. ఎగిరే పనులు ఈ వారం ఏవీ లేవు, కింది వాటా వాళ్ళకి ఈ మాట చెప్పండి.

చేసి తీరాల్సిన అభ్యాసం మాత్రం కసరత్తులో లేదు, కంచంలో ఉంది. ఎనభై కిలోల మనిషి పావుగంట గట్టిగా చేస్తే సుమారు 160 కిలోక్యాలరీలు. అది 120 గ్రాముల అన్నం. వారానికి నాలుగు రోజులంటే 640. కిలో కొవ్వుకి దాదాపు 7,700 కావాలి. అంటే తిండి మారకుండా కసరత్తే నమ్ముకుంటే ఒక కిలోకి పన్నెండు వారాలు. అది కూడా, చేశాం కదా అని ఇంకో గరిటె వేసుకోకపోతేనే.

అందుకని ఈ ఏడు రోజులూ, మూడు పూటలా, కంచంలో పెట్టుకునే అన్నం వంటింటి కాటా మీద తూచి గ్రాముల్లో రాయండి. దోశ, ఇడ్లీ అయితే ఎన్నో రాయండి. తగ్గించమనడం లేదు, రాయమంటున్నాను. ముఖ్యంగా చేపల పులుసు రోజున. పులుసు మానమని నేను చెప్పను, నెల్లూర్లో ఉంటూ ఆ మాట అనే ధైర్యం నాకు లేదు. కానీ ఆ రోజు మామూలుగా తినే అన్నం ఎంత, పులుసుతో ఎంత అనేది పక్కపక్కన రాయాలి. మర్నాడు మిగిలిన పులుసుతో తిన్నది విడిగా. ఇంట్లో వడ్డించేది వేరేవాళ్ళయితే, ముందు కంచం తూచి ఆమెకో ఆయనకో చూపించండి, లేకపోతే మారు వడ్డన లెక్కలోకి రాదు.

ఆ కాగితం లేకుండా నాలుగో పాఠం మొదలుపెట్టకండి. అందులో నేల మీద దండీలు. గోడ దండీలు పన్నెండు ఆగకుండా రానివాళ్ళు పాఠం చదవొచ్చు, చేయొద్దు.