ఇంకొక్క గుర్రం చేర్చే ముందు: జాక్‌పాట్ ఆడేవారికి జాగ్రత్తలు

మలక్‌పేటలో వానాకాలపు రేసులు మొదలుకాకముందే ఈ మాటలు చెప్పాలి. పోయిన సీజన్‌లో నాకు తెలిసిన ఒక మెకానిక్‌కు జాక్‌పాట్ తగిలింది. ఐదు రేసుల్లోనూ అతను పెట్టుకున్న గుర్రాలే గెలిచాయి. డివిడెండ్, అంటే గెలిచిన టికెట్‌కు వచ్చే సొమ్ము, ప్రకటించాక చూస్తే, టికెట్‌కు పోసిన డబ్బులో సగం కూడా తిరిగి రాలేదు. ఆ డబ్బూ వడ్డీకి తెచ్చినదే. ఆ ఇల్లు ఇంకా తేరుకోలేదు.

పందెంలో డబ్బు పోతుందని అందరికీ తెలుసు. గెలిచి కూడా ఎలా మునుగుతారో తెలిసినవారు తక్కువ.

లెక్క ఇదీ

జాక్‌పాట్ అంటే వరుసగా ఐదు రేసుల విజేతలను ముందే ఎంచుకోవడం. ఒక్కో రేసుకు ఎన్ని గుర్రాలైనా పెట్టుకోవచ్చు, కానీ ఆ సంఖ్యలను కూడరు, హెచ్చవేస్తారు. రేసుకు ఒక గుర్రం చొప్పున ఐదింటిని కలిపితే ఒక కాంబినేషన్, దానికి కట్టే సొమ్ము యూనిట్. యూనిట్ 10 రూపాయలనుకోండి. ఒకటి, రెండు, రెండు, మూడు, మూడు పెడితే 36 కాంబినేషన్లు, 360 రూపాయలు. టికెట్ల కిటికీ దగ్గరికి వెళ్లాక భయం పుడుతుంది, మొదటి రేసులో ఒక్కదాన్నే నమ్ముకున్నామే అని. ఇంకొక్క గుర్రం చేరుస్తారు. కాంబినేషన్లు 72, ఖర్చు 720. ఆ ఒక్క గుర్రం ఖరీదు 10 కాదు, 360. రేసుకు మూడు చొప్పున అయితే 243 కాంబినేషన్లు, నాలుగు చొప్పున 1024. నేను చూసినంతలో చితికిపోయినవారంతా ఈ ఇంకొక్క గుర్రం దగ్గరే చితికిపోయారు.

మామూలుగా గెలిచేది ఒక్క కాంబినేషనే. తక్కినవాటికి కట్టినదాంట్లో చాలామటుకు పోయినట్టే. పైగా అందరూ కట్టిన పందేల సొమ్ము, అంటే పూల్, గెలిచిన టికెట్లన్నిటికీ పంచుతారు. ఎక్కువమంది పందెం కట్టిన గుర్రాలు, అంటే ఫేవరెట్లే వరుసగా గెలిస్తే గెలిచినవారు ఎక్కువ, వాటా తక్కువ. మెకానిక్‌కు జరిగింది ఇదే.

టనాలా అనే పందెంలోనూ అంతే. మొదటి మూడు స్థానాలు వరుస తప్పకుండా చెప్పాలి. నాలుగు గుర్రాలను అన్ని వరుసల్లో పెడితే 24 కాంబినేషన్లు, ఐదుకు 60, ఆరుకు 120.

పన్ను

జీఎస్టీ గెలుపు మీద కాదు, పందెం పూర్తి విలువ మీద పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం. గుర్రం చేర్చిన ప్రతిసారీ పన్నూ పెరుగుతుంది. గెలుపు 10,000 దాటితే ఆదాయపు పన్నుగా 30 శాతం ముందే పట్టుకుంటారు. ఓడిన టికెట్లను అందులోంచి తీసివేసి చూపడానికి వీలులేదు.

బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లకు: యాంకీ అంటే నాలుగు గుర్రాల మీద 11 పందేలు, ప్రతి పందెంలోనూ రెండు గుర్రాలైనా కలిసి ఉంటాయి. ఒక్కటే గెలిస్తే పైసా రాదు. లక్కీ 15లో ఆ 11కు నాలుగు విడి పందేలు కలుస్తాయి. ఈచ్ వే అని గుర్తు పెట్టారా, గెలుపుకొకటి, ముందు స్థానాల్లో రావడానికొకటి అని ప్రతి పందెం రెండవుతుంది, పౌండు చొప్పున ఆడే టికెట్ 30 పౌండ్లవుతుంది.

ఇక వినండి.

మొత్తం ఖర్చు కాగితం మీద రాసుకున్నాకే కిటికీ దగ్గరికి వెళ్లండి.

రాసిన టికెట్‌లో ఇంకొక్క గుర్రం చేర్చకండి.

చేర్చి తీరాలనిపిస్తే మరో రేసులో ఒకటి తీసేయండి, మళ్లీ హెచ్చవేయండి.

ఎంచుకున్న గుర్రం పోటీ నుంచి తప్పుకుంటే టికెట్ ఏమవుతుందో క్లబ్బు నిబంధనల్లో ముందే చూడండి.

బయటి బుకీకి ఫోన్‌లో పందెం చెప్పకండి.

నలుగురి డబ్బుతో ఒకే టికెట్ కొనకండి. ఇంకొక్క గుర్రం కోరేవాడు అందులో ఒకడైనా ఉంటాడు.

అప్పు చేసి ఆడకండి.

ఇప్పటికే అప్పు ఉంటే గేటు దాకా కూడా వెళ్లకండి. ఎంత ఉందో ఇంట్లో చెప్పండి, ఈ రోజే. మానలేకపోతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.