పోర్ట్‌ఫోలియో లింక్ పంపినా పని రావట్లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

పని వచ్చు, చేసిన డిజైన్లున్నాయి, సైట్ కూడా ఉంది. అయినా లింక్ పంపాక అటునుంచి ఉలుకూ పలుకూ ఉండదు. అప్పుడు మనలో చాలామంది చేసే పని టెంప్లేట్ మార్చడం. రెండు వారాలు దాని మీద కూర్చుంటాం, ఆ తర్వాత కూడా అదే నిశ్శబ్దం. నా మట్టుకు నాకు అర్థమైంది ఏమిటంటే, పోర్ట్‌ఫోలియో తెరిచిన మనిషి మనసులో ఉండేది ఒకే ప్రశ్న: "నాకు కావాల్సిన పని వీళ్లు చేయగలరా?" ఆ ప్రశ్నకు జవాబు ఎక్కడో దారిలో ఆగిపోతోంది. ఎక్కడ ఆగిందో తెలిస్తే, చాలాసార్లు సైట్ మొత్తం మార్చాల్సిన అవసరమే రాదు. కింద మీ పరిస్థితికి దగ్గరగా ఉన్న దగ్గర మొదలుపెట్టండి.

వస్తున్నారు, కానీ మొదటి పేజీ నుంచే వెళ్లిపోతున్నారు

ముందు వేగం చూడండి. ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద, ప్రైవేట్ విండోలో మీ సైట్ తెరవండి. మామూలు విండోలో వద్దు. అందులో మీరు ఇదివరకు చూసిన బొమ్మలు దాచిపెట్టి ఉంటాయి కాబట్టి మీకు వేగంగానే కనిపిస్తుంది, కొత్తవాళ్లకు మాత్రం నత్తనడక నడుస్తుంది. పేజీలో కనిపించే అతిపెద్ద బొమ్మ లేదా అక్షరాల భాగం 2.5 సెకన్లలోపు వస్తే బాగున్నట్టు అని గూగుల్ లెక్క. వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో లింక్ పెడితే మీది ఎంతో చెబుతుంది.

నెమ్మదిగా ఉంటే కారణం దాదాపు ఎప్పుడూ బొమ్మలే. ప్రింట్ కోసం చేసిన 6000 పిక్సెళ్ల పీఎన్‌జీని అలాగే ఎక్కించేస్తాం. వెడల్పు 2000 పిక్సెళ్లకు తగ్గించండి, చాలా స్క్రీన్లకు అది సరిపోతుంది. ఫొటోలూ మాకప్‌లూ (డిజైన్ నిజమైన వస్తువు మీద ఉన్నట్టు చూపే బొమ్మలు) జేపెగ్‌లో 80 నాణ్యతతో గానీ వెబ్‌పీలో గానీ, లోగోలు ఎస్‌వీజీలో (ఎంత పెద్దగా చేసినా చెదరని ఫార్మాట్) పెట్టండి. కదిలే జిఫ్‌ల బదులు ఎంపీ4 వీడియో పెడితే బరువు బాగా తగ్గుతుంది. లేజీ లోడింగ్ (చూసేవాళ్లు దగ్గరికి వచ్చాకే బొమ్మను తెప్పించే పద్ధతి) కింది బొమ్మలకే పెట్టండి. పైన కనిపించే మొదటి బొమ్మకూ పెడితే అదే ఆలస్యంగా వస్తుంది.

వేగం బాగానే ఉన్నా వెళ్లిపోతున్నారంటే, మొదటి స్క్రీన్ ఏమీ చెప్పట్లేదన్నమాట. "ఆలోచనలకు రూపమిచ్చే సృజనకారుణ్ణి" అన్న వాక్యం ఎవరైనా రాసుకోవచ్చు. "చిన్న సంస్థలకు ప్యాకేజింగ్, లోగోలు డిజైన్ చేస్తాను" అంటే చదివినవాళ్లకు ఉండాలో వెళ్లాలో అప్పుడే తెలిసిపోతుంది. దాని కిందే పని కనిపించాలి. లోపలికి రానివ్వకుండా నిలబెట్టే యానిమేషన్ ఎంత అందంగా ఉన్నా తీసేయండి.

"బాగున్నాయి" అంటున్నారు, పని మాత్రం ఇవ్వట్లేదు

నేను చూసిన పోర్ట్‌ఫోలియోల్లో ఎక్కువ వాటి జబ్బు ఇదే. అన్నీ పూర్తయిన బొమ్మలే, అందమైన మాకప్‌లే. కింద "బ్రాండింగ్" అని ఒక్క మాట. చూసేవాళ్లకు కళ్లు నిండుతాయి కానీ నమ్మకం కుదరదు, ఎందుకంటే మీరు ఎలా ఆలోచిస్తారో అందులో లేదు. డబ్బు పెట్టేవాళ్లు కొనేది ఆ ఆలోచననే.

ఉదాహరణకు సబ్బుల ప్యాకెట్లు డిజైన్ చేశారనుకుందాం. "ఆధునికమైన, తాజాదనం నిండిన ప్యాకేజింగ్" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఇలా రాసి చూడండి: "మూడు రకాల సబ్బులు పక్కపక్కన పెడితే ఏది ఏదో కొనేవాళ్లు పోల్చుకోలేకపోతున్నారని క్లయింట్ చెప్పారు. పేరు అక్షరాలు మూడింటి మీదా ఒకేలా ఉంచి, రంగూ ఆకు బొమ్మా మాత్రం మార్చాను. రెండు రంగుల్లోనే అచ్చు వేయాలి కాబట్టి ఫొటోలు వాడలేదు." నాలుగు వాక్యాలు కూడా కాలేదు. కానీ వచ్చిన సమస్య, తీసుకున్న నిర్ణయం, చేతులు కట్టేసిన పరిమితి మూడూ వచ్చేశాయి.

పక్కనే తిరస్కరించిన డిజైన్ ఒకటి పెట్టి, అది ఎందుకు పనికిరాలేదో ఒక వాక్యంలో చెప్పండి. ఒకటి చాలు. ఇరవై స్కెచ్‌లు వరసగా పేరిస్తే ఎవరూ చూడరు. టీమ్‌లో చేసిన పనైతే ఏది మీదో స్పష్టంగా రాయాలి: "ఫొటోలు వేరొకరివి, లేఅవుట్, అక్షరాల ఎంపిక నావి." ఇలా రాస్తే మీ విలువ తగ్గదు. ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న ఎలాగూ వస్తుంది. ఫలితం గురించి అంకెలు లేకపోతే అంకెలు పుట్టించొద్దు. "తర్వాత వచ్చిన షాంపూకీ ఇదే పద్ధతి కొనసాగించారు" లాంటి నిజమైన మాట ఉంటే అదే రాయండి.

రాశాక, డిజైన్‌తో సంబంధం లేని ఒకరికి ఆ పేజీ ఒక నిమిషం చూపించి మూసేయండి. ఇందులో నేనేం చేశానని అడగండి. చెప్పలేకపోతే మళ్లీ రాయాల్సిందే.

సంఖ్య కూడా ఇక్కడ దెబ్బతీస్తుంది. ముప్పై పనులు పెడితే అందులో బలహీనమైన ఐదు మిగతావాటిని కిందికి లాగుతాయి. ఆరు నుంచి పది వరకు ఉంచండి. అన్నిటికంటే గట్టిది ముందు, దాని తర్వాతిది చివర. కాలేజీ రోజుల పని తీసేయాలంటే మనసొప్పదు, నాకు తెలుసు. వేరే ఫోల్డర్‌లో దాచుకోండి, అది ఎక్కడికీ పోదు.

వచ్చే పనులన్నీ మీకు ఇష్టం లేనివే

మీరు చూపించిందే మీ దగ్గరికి వస్తుంది. పెళ్లి కార్డులు విసుగొచ్చాయని చెబుతూ వాటినే పైన పెట్టుకుంటే ఫోన్లు వాటికే వస్తాయి. పుస్తకాల అట్టలు చేయాలని ఉంటే, మీకు మీరే బ్రీఫ్ (ఏం కావాలో చెప్పే పని వివరం) రాసుకుని రెండు చేసి పైన పెట్టండి. ఇది సొంతంగా చేసిన ప్రాజెక్ట్ అని మాత్రం అక్కడే రాయాలి. పేరున్న సంస్థ లోగోను సరదాగా మళ్లీ చేసి, వాళ్లు మీ క్లయింట్ అన్నట్టు పెట్టడం మోసమే అవుతుంది.

మంచి పని ఉంది, కానీ బయట పెట్టకూడదు

రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టి ఉంటే ముందు ఆ కాగితం చదవండి, తర్వాత అనుమతి మెయిల్‌లో అడగండి. విడుదలయ్యాక చూపించుకోవడానికి ఒప్పుకునేవాళ్లు ఉంటారు. పేరు మీద నల్ల పట్టీ వేసి పెట్టేస్తే చాలదు, ఆ రంగంలో ఉన్నవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. పాస్‌వర్డ్ పేజీకైనా అనుమతి ఉండాల్సిందే.

రంగులు పాలిపోయాయి, అక్షరాలు మారిపోయాయి

మీ స్క్రీన్ మీద మెరిసిన ఎరుపు సైట్‌లో ఇటుక రంగులో కనిపిస్తోందంటే, ఫైల్ అడోబీ ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో ఉండి, ఆ అంకెలను ఏ రంగుగా చదవాలో చెప్పే ప్రొఫైల్ లేకుండా సేవ్ అయి ఉంటుంది, లేదా అచ్చు కోసం వాడే సీఎంవైకేలోనే ఉండిపోయి ఉంటుంది. ప్రొఫైల్ లేని బొమ్మను బ్రౌజర్లు సాధారణంగా ఎస్‌ఆర్‌జీబీ (వెబ్‌లో మామూలుగా వాడే రంగుల పద్ధతి) అనుకునే చూపిస్తాయి. అందుకే ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చి, ప్రొఫైల్ జతచేయండి. ఫొటోషాప్‌లో "కన్వర్ట్" వాడాలి, "అసైన్" కాదు. కన్వర్ట్ కనిపించే రంగును కాపాడుతూ అంకెలు మారుస్తుంది. అసైన్ అంకెలు అలాగే ఉంచి కనిపించే రంగునే మార్చేస్తుంది. ఇంకో మాట: ఒకసారి సీఎంవైకేలో మసకబారిన రంగు తిరిగి ఆర్‌జీబీలోకి తెచ్చినా మెరుపు రాదు. అసలు ఆర్‌జీబీ ఫైల్ నుంచే మళ్లీ తీయాలి.

లోగోలో అక్షరాలు వేరే కంప్యూటర్‌లో ఇంకో ఫాంట్‌లో కనిపిస్తే, ఎస్‌వీజీ తీసేముందు వాటిని అవుట్‌లైన్లుగా (ఫాంట్ అవసరం లేని ఆకారాలుగా) మార్చడం మరిచిపోయారన్నమాట.

లింక్ పంపితే బొమ్మ రావట్లేదు, పేరుతో వెతికితే సైట్ కనిపించట్లేదు

వాట్సాప్‌లో లింక్ ఉత్తగా కనిపిస్తే, సైట్ సెట్టింగ్స్‌లో షేరింగ్ ఇమేజ్ అన్న చోట 1200×630 పిక్సెళ్ల బొమ్మ పెట్టండి. పాత ప్రివ్యూ కొంతకాలం నిలిచే ఉండొచ్చు, కంగారు పడొద్దు. వెతుకులాటలో రాకపోతే, కట్టేటప్పుడు సెర్చ్ ఇంజిన్లకు కనిపించకూడదని పెట్టిన సెట్టింగ్ ఇంకా అలాగే ఉందేమో చూడండి. పేజీ శీర్షిక "హోమ్" అని ఉంటే మీ పేరూ పనీ రాయండి. వివరాలన్నీ బొమ్మల్లోనే రాసి ఉంటే వాటిని మామూలు అక్షరాలుగా మార్చి, బొమ్మలకు ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో చెప్పే చిన్న వివరణ) ఇవ్వండి. చూపు లేనివాళ్లకు ఆ పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కీ అదే ఆధారం.

డిజైనర్లు తమ పనులు పెట్టుకునే బిహాన్స్ సైట్‌లో ఖాతా ఉంచుకోండి, కొత్తవాళ్ల కంట పడటానికి పనికొస్తుంది. కానీ అది 2005లో మొదలై 2012లో అడోబీ చేతికి వెళ్లింది. అలాంటి చోట్ల యజమానులూ పద్ధతులూ మారతాయి. సొంత డొమైన్ పేరు మీద ఉన్న పేజీని మీరు ఎటు తరలించినా, మీ కార్డు మీద అచ్చైన లింక్ మాత్రం మారదు.

అన్నీ బాగున్నాయి, అయినా ఎవరూ రాయట్లేదు

రాసి ఉండొచ్చు. మీ కాంటాక్ట్ ఫారం నుంచి వేరే మెయిల్ ఐడీతో మీకు మీరే ఒక సందేశం పంపి చూడండి, స్పామ్ ఫోల్డర్ కూడా తెరవండి. ఫారం పక్కనే మెయిల్ ఐడీని మామూలు అక్షరాల్లో పెట్టండి. కొత్త టెంప్లేట్ వేసిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయండి.