మెష్ వైఫై పెట్టినా పైగదిలో నెట్ తిరుగుతూనే ఉందా?

మాది కింద హాలు, వంటగది, పైన మూడు గదులున్న ఇల్లు. ఫైబర్ బాక్స్‌ను కనెక్షన్ ఇచ్చినవాళ్లు తమకు వీలైన చోట, వీధి తలుపు పక్కన బిగించి పోయారు. పైగదుల కోసమని రెండు యూనిట్ల మెష్ సెట్ (ఒకే వైఫైని ఇల్లంతా పంచే పెట్టెల జత) కొన్నాను. కొన్నాక కూడా నెల రోజులపాటు పైనుంచి "నాన్నా, నెట్ రావట్లేదు" అన్న కేకలు ఆగలేదు. తీరా చూస్తే తప్పు సెట్‌ది కాదు, దాన్ని పెట్టిన నాది. ఆ తర్వాత బంధువుల ఇళ్లలో చూసినవి కూడా చాలావరకు ఇలాంటివే.

ఏ సెట్టింగూ మార్చకముందే మూడు చోట్ల స్పీడ్ చూడండి. ముందు ల్యాప్‌టాప్‌కు కేబుల్ తగిలించి నేరుగా ఫైబర్ బాక్స్ నుంచి, తర్వాత మెయిన్ యూనిట్ (ఫైబర్ బాక్స్‌కు కేబుల్‌తో కలిపినది) పక్కన నిలబడి ఫోన్‌లో, చివరగా పై యూనిట్ పక్కన. అంకెలు కాగితం మీద రాసుకోండి. ఎక్కడ బాగా పడిపోయిందో అక్కడే వెతకాలి. ఫైబర్ బాక్స్ దగ్గరే తక్కువ వస్తుంటే మెష్‌ను ముట్టుకోకండి, కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయండి.

సమస్య: పైగదిలో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, వీడియో మాత్రం తిరుగుతూనే ఉంటుంది

ఎక్కువమంది పడే ఇబ్బంది ఇదే. ఫోన్‌లో కనిపించే గీతలు ఫోన్‌కూ పై యూనిట్‌కూ మధ్య సిగ్నల్ ఎలా ఉందో మాత్రమే చెబుతాయి. ఆ యూనిట్‌కు కింద ఉన్న మెయిన్ యూనిట్ నుంచి ఎంత అందుతోందో చెప్పవు. మనమేమో సిగ్నల్ అసలు రాని మూల చూసి రెండో యూనిట్‌ను అక్కడే పెడతాం. తనకే అందనిది అది మనకేం పంచుతుంది? నేను చేసిన తప్పు అదే: పైన చివరి గదిలో, ఇనుప బీరువా మీద.

మన ఇళ్లలో స్లాబ్ నిండా ఇనుప చువ్వలుంటాయి. వైఫై సాధారణంగా రెండు బ్యాండ్ల (రేడియో తరంగాల శ్రేణుల) మీద వస్తుంది. వాటిలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ స్లాబును, మందపాటి గోడను దాటేటప్పుడు బాగా నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ కాస్త నయం, కానీ స్పీడ్ తక్కువ. బీరువా, నిలువుటద్దం, నీళ్ల ట్యాంకు కూడా దారికి అడ్డే.

పరిష్కారం: రెండో యూనిట్‌ను నెట్ రాని చోట కాదు, మెయిన్ నుంచి సిగ్నల్ ఇంకా బాగా అందే చివరి చోట పెట్టండి. రెండంతస్తుల ఇంట్లో అది చాలాసార్లు మెట్లెక్కగానే వచ్చే ఖాళీ జాగా. అక్కడ స్లాబ్ తెరిచి ఉంటుంది కాబట్టి సిగ్నల్ మెట్ల దారినే పైకొస్తుంది. మా యూనిట్‌ను అక్కడికి మార్చాక కేకలు ఆగాయి.

అయినా చాలకపోతే కేబుల్ లాగడమే. రెండు బ్యాండ్ల యూనిట్లు మెయిన్ నుంచి అందుకోవడం, మనకివ్వడం సాధారణంగా ఒకే బ్యాండ్ మీద చేస్తాయి, అందుకే స్పీడ్ దాదాపు సగమవుతుంది. మెయిన్ నుంచి రెండో యూనిట్‌కు క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబుల్ ఒకటి వేస్తే ఆ గొడవే ఉండదు. కేబుల్ వేశాక స్పీడ్ సుమారు 95 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతోందా? బహుశా లోపలి 8 వైర్లలో నాలుగే సరిగా కలిసి ఉండొచ్చు. కొనలకు ప్లగ్గులు మళ్లీ బిగింపించండి (క్రింప్ చేయించడం అంటే ఇదే).

సమస్య: కేబుల్ తగిలించాక ఉన్న నెట్ కూడా పోయింది

కారణం: రెండో యూనిట్ కేబుల్‌ను తీసుకెళ్లి ఫైబర్ బాక్స్‌కే గుచ్చి ఉంటారు. వరుస ఇలా ఉండాలి: ఫైబర్ బాక్స్ నుంచి మెయిన్ యూనిట్ వ్యాన్ పోర్టుకు (నెట్ లోపలికి వచ్చే పోర్టు), మెయిన్ ల్యాన్ పోర్టు (ఇంట్లో పరికరాలకు ఇచ్చే పోర్టు) నుంచి రెండో యూనిట్‌కు. ఒకే యూనిట్‌కు పొరపాటున రెండు దారుల్లో కేబుళ్లు తగిలినా మొత్తం స్తంభించిపోవచ్చు. అదనపు కేబుల్ పీకేయండి.

సమస్య: ప్రింటర్ కనిపించదు, గేమ్‌లో స్నేహితులతో కలవనివ్వదు

కారణం: ఇంట్లో ఇద్దరు పెద్దమనుషులు ఉన్నారు. ఫైబర్ బాక్స్ కూడా రౌటరే, మెష్ కూడా రౌటరే. ప్రింటర్ పాత ఫైబర్ బాక్స్ వైఫైలో, ఫోన్ మెష్‌లో ఉంటే ఒకదానికొకటి కనబడవు. మెష్ యాప్‌లో ఇంటర్నెట్ ఐపీ (మెష్‌కు దక్కిన నెట్ చిరునామా) 192.168తో మొదలైతే అనుమానం అక్కర్లేదు, ఇదే సంగతి.

పరిష్కారం: తేలిక దారి మెష్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి వైఫై మాత్రమే పంచేలా) పెట్టడం. పిల్లల ఫోన్లకు టైమ్ కట్టడి చేసే సౌకర్యం లాంటివి కొన్ని సెట్లలో దానితో పోతాయి. అవి కావాలంటే ఫైబర్ బాక్స్‌ను బ్రిడ్జ్ మోడ్‌లోకి (రౌటర్ పని మెష్‌కు వదిలేసేలా) మార్చమని కనెక్షన్ వాళ్లను అడగండి. మార్చేముందే పీపీపీఓఈ (నెట్‌కు లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉంటే తీసుకోండి. ఆ బాక్స్‌కే ల్యాండ్‌లైన్ ఉంటే అది పనిచేస్తుందో లేదో కూడా అడగాలి. ఏ దారి పట్టినా పాత బాక్స్ వైఫైని ఆపేసి, ప్రింటర్‌ను మెష్‌కు కలపండి.

సమస్య: పైకెళ్లినా ఫోన్ కింది యూనిట్‌నే పట్టుకుని వేలాడుతుంది

ఎప్పుడు మారాలో చివరకు తేల్చుకునేది ఫోనే, మెష్ సలహా మాత్రమే ఇస్తుంది. యాప్‌లో ఫాస్ట్ రోమింగ్ (ఫోన్ ఒక యూనిట్ నుంచి ఇంకోదానికి త్వరగా మారేలా చేసే సెట్టింగు) ఉంటే ఆన్ చేయండి. పాత బాక్స్ వైఫై పేరును ఫోన్‌లో ఫర్‌గెట్ చేయండి. యూనిట్లు మరీ దగ్గరగా ఉన్నా ఇలాగే అవుతుంది. మూడో యూనిట్ కొనేముందు ఇది గుర్తుంచుకోండి.

సమస్య: స్మార్ట్ ప్లగ్, గేటు కెమెరా అసలు కనెక్ట్ కావు

వీటిలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు. పాతవాటికి డబ్ల్యూపీఏ3 (వైఫై పాస్‌వర్డ్ భద్రతలో కొత్త పద్ధతి) కూడా అర్థం కాదు. గెస్ట్ నెట్‌వర్క్‌ను (అతిథుల కోసం పెట్టే వేరే పేరున్న వైఫై) 2.4లో, పాత పద్ధతి డబ్ల్యూపీఏ2తో పెట్టి వాటిని అందులో వేయండి.

సమస్య: కరెంటు పోయి వచ్చాక పై యూనిట్ మీద ఎర్ర లైటు

ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో యూనిట్లు రీస్టార్ట్ అవుతాయి, ఒక్కోసారి ఒకదాన్నొకటి వెతుక్కోలేవు. అన్నీ ఆపి, ముందు ఫైబర్ బాక్స్, రెండు మూడు నిమిషాలాగి మెయిన్, తర్వాత పైది ఆన్ చేయండి. రోజూ ఇదే తంతయితే మినీ యూపీఎస్ (కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో నడిపే చిన్న పెట్టె) తెచ్చుకోవచ్చు. కొనేముందు అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి. అన్నీ 12 వోల్టులవే కావు. టెన్షన్‌లో రీసెట్ బటన్ మాత్రం నొక్కకండి. నొక్కితే చేసిన సెట్టింగులన్నీ పోతాయి, ఫోన్లు, కెమెరా, టీవీ అన్నీ మళ్లీ కలుపుకోవాల్సి వస్తుంది.